చెరువు పూడ్చిన స్థలంలో బంకమట్టి: కరెంటు పెట్టి నీళ్లు లాగొచ్చా?

మీ ప్రశ్న ఇదీ: భీమవరం దగ్గర్లో పాత చేపల చెరువు పూడ్చి వేసిన లేఅవుట్‌లో ఐదు సెంట్లు కొన్నారు. పైన నాలుగడుగుల మెరక. దాని కింద గునపం నిలబెడితే తన బరువుకే దిగబడిపోయే నల్ల బంకమట్టి. పైల్స్ (నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు) వేయాలి, లక్షలవుతాయి అని మేస్త్రీ అన్నాడు. బయటి దేశంలో పనిచేసే మీ బావమరిదేమో, ఇనుప ఊచలు దింపి కరెంటు ఇస్తే నీళ్లన్నీ ఒక పక్కకి వచ్చేస్తాయి, నేల గట్టిపడిపోతుంది, పైల్స్ దేనికి అన్నారు. ఇది నిజమా, మన దగ్గర కుదురుతుందా, ఎంతవుతుంది అని అడిగారు. గోడల చెమ్మ ఆరుస్తుందని చెప్పే కరెంటు పెట్టె పనిచేస్తుందా అని చివర్లో ఇంకో ప్రశ్న వేశారు.

నిజమే. మీ స్థలంలో కుదరకపోవచ్చు. ఎంతవుతుందో మీ మట్టిలో ఉన్న ఉప్పు చెబుతుంది. నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ఆకివీడు నుంచి రాజోలు దాకా మట్టి పరీక్షలు చేయించే పనిలో ఉన్నాను. ఈ కరెంటు పద్ధతిని ఒకసారి సైట్ మీద ప్రయత్నించి చెయ్యి కాల్చుకున్నాను కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు అసలు బాధేమిటో చూద్దాం. ఇసుకలో బోరు దింపి మోటార్ పెడితే చుట్టుపక్కల నీటిమట్టం దిగిపోతుంది. బంకమట్టిలో గొయ్యి తీసి మోటార్ పెట్టండి. గొయ్యిలో నీళ్లు అయిపోతాయి, అడుగు దూరంలో ఉన్న మట్టి మాత్రం జావలాగే ఉంటుంది. ఇసుకలో నీళ్లు ఒక్క సెకనులో నడిచే దూరం, అదే ఒత్తిడి పెట్టినా బంకమట్టిలో నడవడానికి ఒక రోజు పైనే పడుతుంది. రేణువుల మధ్య సందులు అంత సన్నం. సందు సన్నమయ్యేకొద్దీ నీటికి గోడల రాపిడి పెరుగుతుంది, మోటార్ ఎంత పెద్దదైనా చేసేదేమీ ఉండదు.

కరెంటు ఆ గోడలనే వాడుకుంటుంది. బంకమట్టి రేణువు పైన రుణావేశం ఉంటుంది. దాన్ని అంటిపెట్టుకుని సోడియం, కాల్షియం లాంటి ధనావేశ అయాన్లు మూగి ఉంటాయి. మట్టిలో రెండు ఊచలు దింపి డీసీ కరెంటు ఇస్తే ఈ అయాన్లు మైనస్ ఊచ వైపు కదులుతాయి, ఒక్కొక్కటీ తన చుట్టూ ఉన్న నీళ్లను ఈడ్చుకుపోతుంది. అంతర్వేది తీర్థంలో రథం కదిలేటప్పుడు సన్న సందులో నిలబడి చూడండి. గోడల పక్కన ఉన్న జనం నడిస్తే చాలు, మధ్యలో ఉన్నవాళ్లు కాళ్లు కదపకుండానే ముందుకి వెళ్లిపోతారు. అదే బీచ్ మీదైతే అంచున ఎవరు నడిచినా మధ్యలో వాళ్లకి పట్టదు. బంకమట్టి సందులు ఆ వీధి లాంటివి. అందుకే మోటార్‌కి లొంగని చోటే కరెంటు పనిచేస్తుంది. ఈ పద్ధతిలో నీటి వేగం సందు సైజు మీద పెద్దగా ఆధారపడదు. మీటరుకి 50 వోల్టులు పెడితే లెక్క ప్రకారం రోజుకి సుమారు 2 సెంటీమీటర్లు వస్తుంది. ఇసుకలో అది లెక్కలోకి రాదు, మోటార్ చాలు. బంకమట్టిలో అదే మహాభాగ్యం. దీన్నే ఎలక్ట్రో ఆస్మోసిస్ అంటారు.

ఇదేదో నిన్నమొన్నటి టెక్నాలజీ అనుకోకండి. 1809లోనే మాస్కోలో రాయిస్ అనే ఆయన తడి బంకమట్టిలో రెండు గాజు గొట్టాలు గుచ్చి, వాటిలో నీళ్లు పోసి, బ్యాటరీ కలిపి చూపించాడు. మైనస్ గొట్టంలో నీళ్లు పైకి లేచాయి, ప్లస్ గొట్టంలో నీళ్లు బురదబురదగా అయ్యాయి. 1879లో హెల్మ్‌హోల్ట్స్ దానికి లెక్క కట్టాడు. దాన్ని నేల మీదికి తెచ్చినవాడు లియో కసాగ్రాండే. మట్టి శాస్త్రం చదివినవాళ్లకి ఆర్థర్ కసాగ్రాండే పేరు తెలిసే ఉంటుంది, లియో ఆయన తమ్ముడు. 1939లో జర్మనీలోని జాల్ట్స్‌గిట్టర్ దగ్గర రైలుమార్గం కోసం తవ్వుతుంటే ఒడ్డులు జారిపోతూ ఉంటే ఈ పద్ధతి పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో జర్మన్ల జలాంతర్గాముల స్థావరం తవ్వకానికీ ఇదే వాడారు.

ఇక్కడొక విషయం ఉంది, చాలామంది గమనించరు. తవ్వకం ఒడ్డు నిలబడటానికి మట్టిలో నీళ్లన్నీ పోనక్కర్లేదు. మామూలుగా నీళ్లు ఒడ్డులోంచి గోతిలోకి ఊరతాయి, ఆ ఊటే మట్టిని లోపలికి తోస్తుంది. మైనస్ ఊచల్ని ఒడ్డుకి వెనక, ప్లస్ ఊచల్ని గోతి వైపు పెడితే ఊట దిశ తిరగబడి నీళ్లు వెనక్కి నడుస్తాయి. మట్టి ఇంకా తడిగా ఉండగానే ఒడ్డు నిలబడుతుంది. కాబట్టి ఈ పద్ధతికి బాగా నప్పిన పని తాత్కాలిక తవ్వకాలు. మీ బావమరిది చెప్పిన పని అది కాదు. ఇంటి బరువు శాశ్వతంగా మోసేలా నేల గట్టిపడాలంటే నీళ్లు నిజంగానే బయటికి పోవాలి, మట్టి నిజంగానే దగ్గరవ్వాలి.

అలా గట్టిపరిచినవి లేకపోలేదు. నార్వేలోని ఓస్ అనే ఊళ్లో కదిపితే పారిపోయే రకం మెత్తటి బంకమట్టిని ఊచలతో కరెంటు ఇచ్చి గట్టిపరిచి పునాది తవ్వారు, 1967లో ఆ వివరాలు అచ్చయ్యాయి. అమెరికాలో ఒహాయోలోని వెస్ట్ బ్రాంచ్ డ్యామ్ కట్టేటప్పుడు కింద బంకమట్టి కదలడం మొదలైతే 1960లలో ఇదే పద్ధతి పెట్టి నిలబెట్టారు. మీ బావమరిది గాలి కబురేమీ చెప్పలేదన్నమాట. అక్కడా ఇక్కడా తేడా మట్టిలోని నీళ్లది.

పీసా వాలు గోపురం సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1990లలో దాన్ని కాస్త నిటారు చేయాలని ఉత్తరం పక్క నేలను కుంగేలా చేసే ఉపాయాలు వెతికారు. కరెంటుతో నీళ్లు లాగడం అందులో ఒకటి. పెద్ద ఎత్తున ప్రయోగం చేశారు కూడా. అక్కడి బంకమట్టిలో కరెంటు మరీ సులువుగా పారిపోతుండటంతో పద్ధతి పనిచేయలేదు. చివరికి గోపురం కింద నుంచి కొద్దికొద్దిగా మట్టి తీసి పని పూర్తిచేశారు. ప్రపంచంలోకెల్లా తెలివైన మట్టి ఇంజినీర్లు కూర్చున్న కమిటీకి కుదరనిది మన లేఅవుట్‌లో కుదరాలంటే ముందు ఒక్క పరీక్ష చేయించుకోవాలి.

ఉప్పు ఎక్కువైతే రెండు నష్టాలు. ఒకటి, ఉప్పునీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది, బిల్లు పెరుగుతుంది. రెండు, రేణువు చుట్టూ ఉన్న ధనావేశపు పొర నొక్కుకుపోయి పలచనవుతుంది, అది ఈడ్చుకెళ్లే నీళ్లు తగ్గిపోతాయి. ఎక్కువ కరెంటు తాగి తక్కువ నీళ్లిస్తుంది, పాలివ్వని గేదెకి రెండు పూటలా తవుడు పెట్టినట్టు.

మన డెల్టా సంగతి చూడండి. ఈ నేలంతా గోదావరి తెచ్చి సముద్రంలో పోస్తూ పోస్తూ ముందుకి జరిపిన నేల. ఇప్పటి తీరానికి ఎంతో లోపల కూడా పాత ఇసుక మెట్టలు కనిపిస్తాయి, అవన్నీ ఒకప్పటి సముద్రపు ఒడ్డులు. ఆ మెట్టల మధ్య పల్లాల్లో పేరుకున్న బంకమట్టి ఉప్పునీళ్లలోనో సగం ఉప్పు కయ్యల్లోనో దిగినదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్లు పారి పైపొరని కడుగుతూ వచ్చాయి, అందుకే పైన వరి పండుతోంది. కింద మూడు నాలుగు మీటర్లు దిగితే లెక్క మారిపోతుంది. దానికి తోడు 2009 తర్వాత వనామీ రకం రొయ్య వచ్చాక ఎంతోమంది ఉప్పు బోర్లు వేసి ఆ నీళ్లనే చెరువులకి పెట్టారు. మీది చేపల చెరువే అంటున్నారు. చివరి నాలుగేళ్లలో రొయ్య వేశారేమో పాత రైతుని అడగండి. ఆ ఒక్క ముక్క తెలిస్తే సగం సందేహం తీరిపోతుంది.

ఇప్పుడు డబ్బుల లెక్క. ఇల్లు మూడు సెంట్లలో వస్తుందనుకుందాం, అంటే సుమారు 121 చదరపు మీటర్లు. మెరక కింద నాలుగు మీటర్ల మెత్తటి మట్టి ఉందనుకుంటే మొత్తం 486 ఘనపు మీటర్లు. ఇలాంటి మట్టిలో 100 కిలోల పొడి మట్టికి 60 కిలోల నీళ్లు ఉండటం మామూలే. దాన్ని 50కి తేవాలంటే ఘనపు మీటరుకి సుమారు 100 లీటర్లు బయటికి రావాలి. మొత్తం 49 వేల లీటర్లు, పెద్ద ట్యాంకర్లు నాలుగైదు. ఇందులో ఇంకో సంగతి దాగుంది: అన్ని నీళ్లు పోతే మీ స్థలం సుమారు 40 సెంటీమీటర్లు కుంగుతుంది. మళ్లీ మెరక పోయించుకోవాలి. పక్కింటి గోడ మీ హద్దుని ఆనుకుని ఉంటే ఆ గోడ సంగతీ ఆలోచించుకోవాలి.

మట్టిలో ఉప్పు తక్కువగా ఉండి, మీటరు దూరంలో ఊచలు పెట్టి 50 వోల్టులు ఇస్తే, ఘనపు మీటరుకి 250 వాట్లు లాగుతుంది. 486 ఘనపు మీటర్లకీ ఒకేసారి ఇవ్వాలంటే 121 కిలోవాట్లు కావాలి. ఇంటి కనెక్షన్ కాదు, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. పది కిలోవాట్ల సరఫరాతో కొద్దికొద్దిగా చేసుకుంటూ పోతే రాత్రీ పగలూ ఆపకుండా 57 రోజులు. మొత్తం 13,600 యూనిట్లు. యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకుంటే లక్షా ఇరవై వేల పైన. ఇదంతా కాగితం మీద. నిజానికి రోజులు గడిచేకొద్దీ ప్లస్ ఊచ చుట్టూ మట్టి ఎండి కరెంటు తగ్గుతుంది, నీళ్లూ తగ్గుతాయి, కాబట్టి కాస్త ఎక్కువే వేసుకోండి. ఇక ఊచలు. ప్లస్ వైపు ఇనుము కరిగిపోతుంది. ఒక ఆంపియర్ ఒక గంట పారితే ఒక గ్రాము పైన ఇనుము మట్టిలో కలుస్తుంది. మీ స్థలానికి లెక్క కడితే సుమారు 280 కిలోలు. ఊచలు దింపే కూలి, వైర్లు, డీసీ యంత్రం అద్దె, కాపలా వేరే.

అదే మట్టిలో ఉప్పు బాగా ఉండి కరెంటు పది రెట్లు సులువుగా పారితే? లక్షా ముప్పై ఆరు వేల యూనిట్లు, బిల్లు పన్నెండు లక్షలు, కరిగిపోయే ఇనుము 2.8 టన్నులు. అప్పుడు ఘనపు మీటరుకి రెండున్నర కిలోవాట్లు పారుతుంది కాబట్టి మట్టి గంటకి సుమారు మూడు డిగ్రీలు వేడెక్కుతుంది. నీళ్లు లాగుతున్నామా, కాస్తున్నామా అన్నట్టుంటుంది. పైగా ఈ లెక్కలో నీళ్లు అంతే వస్తాయనుకున్నాను. ఉప్పులో అంత కూడా రావు.

నా సైట్ సంగతి చెబుతాను. పదేళ్ల పైమాటే. తీరానికి దగ్గరగా ఒక ప్లాంట్‌లో సంప్ తవ్వుతున్నాం, పదిహేనడుగుల లోతు. తొమ్మిదడుగుల దగ్గర ఒడ్డు జారడం మొదలైంది, పొద్దున్న తవ్వింది మధ్యాహ్నానికి పూడిపోతోంది. అప్పటికే ఇంట్లో చిన్న డబ్బాలో ప్రయోగం చేసి చూసి ఉన్నాను, ఉండి అనే ఊరి దగ్గర పొలంలో తెచ్చిన మట్టితో. బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ధైర్యంతో ఓనరుగారిని ఒప్పించాను. ఇరవై మిల్లీమీటర్ల ఊచలు ఒక పక్క, చిల్లుల గొట్టాలు ఇంకో పక్క, వెల్డింగ్ జనరేటర్. మొదటి రోజు గొట్టాల్లో నీళ్లు చూసి అందరం టీలు తెప్పించుకుని సంబరపడ్డాం. రెండో రోజు ఆమ్‌మీటర్ పైకి పోతూనే ఉంది, నీళ్లు మాత్రం పెరగలేదు. గొట్టంలో నీళ్లు చేతికి జారుడుగా, సబ్బు నీళ్లలా తగిలాయి. ప్లస్ వైపు ఈత కొలనుల దగ్గర వచ్చే వాసన. ఉప్పునీళ్లలోంచి క్లోరిన్ వస్తోందని అప్పుడు వెలిగింది. ఐదో రోజు కరెంటు ఒక్కసారిగా సగానికి పడిపోయింది. ఊచలు పీకించి చూస్తే మధ్యలో కొబ్బరి ఈనె మందానికి కరిగిపోయాయి, రెండు విరిగి లోపలే ఉండిపోయాయి. చుట్టూ జానెడు మేర మట్టి ఎండిన చెరువులా బీటలు వారి, పచ్చటి తుప్పు పట్టి, రాయిలా ఉంది. ఆ జానెడు దాటితే మళ్లీ అదే జావ. చివరికి షీట్ పైల్స్, అంటే ఒడ్డుకి అడ్డుగా దింపే ఇనుప పలకలు, తెప్పించి పని ముగించాం. డీజిల్ డబ్బు ఓనరుగారు ఇచ్చారు, ఊచల డబ్బు నేను పెట్టుకున్నాను. తర్వాత ఆ మట్టిలో నీళ్లు ల్యాబ్‌కి పంపితే తేలింది, అవి దాదాపు సముద్రపు నీళ్లే. ముందే పంపి ఉంటే ఒక పూట పనితో పోయేది.

ఆ పరీక్ష ఎలాగో చెబుతాను, ఎందుకంటే మీరు చేయాల్సింది అదే. బోరు వేసేవాళ్లని పిలిచి మూడు, ఐదు, ఏడు మీటర్ల లోతులో మట్టి తీయించండి. గొట్టంలో దొరికిన ఊట నీళ్లు కాదు, మట్టిలోంచి పిండిన నీళ్ల ఈసీ (కరెంటు ఎంత సులువుగా పారుతుందో చెప్పే కొలత, ఉప్పు పెరిగితే పెరుగుతుంది) చూడమని ల్యాబ్‌వాళ్లకి గట్టిగా చెప్పండి. పై కాలువ నీళ్లు కలిస్తే ఈసీ తక్కువ చూపించి మోసం చేస్తుంది. సముద్రపు నీటి ఈసీ సెంటీమీటరుకి సుమారు 50,000 మైక్రోసీమెన్స్. మీ మట్టి నీళ్లది రెండు మూడు వేల లోపు ఉంటే కరెంటు పద్ధతి గురించి మాట్లాడుకోవచ్చు. పది వేలు దాటితే ఆ మాటే వద్దు. ఈ హద్దులు నా అనుభవంతో పెట్టుకున్నవి, కోడ్ పుస్తకంలో వెతక్కండి. ఇంకో దగ్గరి దారి ఉంది: పెద్ద బిల్డింగులకి ఎర్తింగ్ వేసే ముందు కరెంటువాళ్లు నాలుగు ఊచలు గుచ్చి నేల రెసిస్టివిటీ, అంటే కరెంటుని నేల ఎంత అడ్డుకుంటుందో, కొలుస్తారు. అది మీటర్ లెక్కన 10 ఓమ్‌ల దగ్గర ఉంటే నేను మొదట కట్టిన లెక్క వర్తిస్తుంది, ఒకటి రెండు ఓమ్‌లు వస్తే రెండో లెక్క.

ఇంట్లో చూడాలనిపిస్తే ఒక ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, బెత్తెడు లోతు. రెండు చివర్లా రేకు ముక్కలు నిలబెట్టి మధ్యలో మట్టి గాలి లేకుండా కూరండి. మైనస్ రేకు వెనక నీళ్లు చేరడానికి రెండు వేళ్ల సందు వదిలి, ఆ రేకుకి చిల్లులు పెట్టండి. 12 వోల్టుల బైక్ బ్యాటరీ, ఫ్యూజ్ పెట్టి కలపండి. ఇంటి మెయిన్ కరెంటు మాత్రం పొరపాటున కూడా వద్దు. డబ్బా ఆరుబయట పెట్టండి, మైనస్ దగ్గర హైడ్రోజన్ వస్తుంది, పక్కన బీడీ వెలిగించకండి. ఉండి మట్టితో సాయంత్రం పెడితే పొద్దుటికి నాకు టీ గ్లాసుడు నీళ్లు వచ్చాయి, పారింది అరవై మిల్లీఆంపియర్ల లోపే. అదే డబ్బాలో సముద్రం పక్క మట్టి పెడితే అర ఆంపియర్ దాటింది, నీళ్లు గ్లాసు అడుగు తడిపాయి. మల్టీమీటర్ ఉంటే చాలు, మీ మట్టి ఏ జాతిదో రెండు గంటల్లో తెలిసిపోతుంది.

ఈసీ తక్కువే వచ్చిందనుకుందాం. అయినా చుట్టుపక్కల చూసుకోవాలి. మట్టిలో పారే కరెంటు మీ హద్దు దగ్గర ఆగదు. పక్కవాళ్ల ఇనుప నీళ్ల గొట్టం, బోరు కేసింగ్ దారిలో ఉంటే దాని మీదుగా పోతుంది, బయటికి వచ్చే చోట దాన్నీ తినేస్తుంది. పశువులు తిరిగే చోటైతే కంచె తప్పదు. మనిషికి తెలియని వోల్టేజి తడి నేల మీద నాలుగు కాళ్ల జంతువుకి తెలుస్తుంది. పక్కన రొయ్యల చెరువు ఉంటే అసలు పెట్టకండి. మైనస్ గొట్టాల్లో వచ్చే నీళ్లు సున్నపు నీళ్లంత క్షారం, అది చెరువులోకి పోయిందంటే ఆ రైతుకి మీరు జవాబు చెప్పలేరు.

మరి మీకేం దారి? మీ స్థలం విషయంలో నేను అడిగేది ఒకటే: ఇల్లు ఎప్పుడు కట్టాలి? ఏడాది ఆగగలిగితే చవకైన పద్ధతి బరువు పెట్టి వదిలేయడం. జీ ప్లస్ వన్ ఇల్లు నేల మీద వేసే బరువు చదరపు మీటరుకి రెండున్నర, మూడు టన్నులు. ఇప్పుడున్న మెరక మీద ఇంకో రెండు మీటర్లు మట్టి పోస్తే సుమారు మూడున్నర టన్నులు పడుతుంది. కానీ ఒక్కసారిగా పోయకండి. మెత్తటి మట్టి పక్కకి తన్నుకొచ్చి పక్కవాళ్ల స్థలం ఉబ్బుతుంది. రెండు మూడు దఫాలుగా, మధ్యలో నెలో రెండు నెలలో వదిలి పోయండి. నీళ్లు త్వరగా బయటికి రావడానికి పెద్ద పనుల్లో బ్యాండ్ డ్రెయిన్లు దింపుతారు, పట్టీల్లాంటివి, మీటరుకో మీటరున్నరకో ఒకటి. ఐదు సెంట్ల కోసం ఆ యంత్రం రాదు. లేఅవుట్ వేసినాయన మొత్తానికి కలిపి చేయిస్తే అందరికీ గిట్టుబాటయ్యేది. కొనేటప్పుడు ఎవరూ అడగరు, అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఆగలేను అంటే పైల్సే. మీ మేస్త్రీ చెప్పింది తప్పు కాదు. కాకపోతే రెండు జాగ్రత్తలు. మన వైపు అందరూ అండర్ రీమ్డ్ పైల్స్ అంటారు, అడుగున బల్బులా ఉబ్బి ఉండేవి. అవి ఉబ్బే నల్లరేగడిలో బాగా పనిచేస్తాయి. మీలాంటి జావ మట్టిలో కింద బల్బు కోసం తవ్విన చోటు కాంక్రీటు పోసేలోపే కూలిపోతుంది. బోరు గోడలు కూలకుండా బెంటోనైట్ అనే బంకమట్టి జావ పెట్టి బోరు తీసి, కింద ఇసుక పొరలోకి దిగే మామూలు పైల్స్ అడగండి. రెండోది, మీ మెరక కొత్తది. దాని బరువుకి కింద మట్టి ఇంకా కుంగుతూనే ఉంది. అలా కుంగే మట్టి పైల్‌ని పట్టుకుని కిందికి లాగుతుంది, దాన్ని నెగెటివ్ ఫ్రిక్షన్ అంటారు. డిజైన్‌లో అది కలిపారా అని అడగండి. ఇంజినీరు మొహం తెల్లబోతే ఇంకొకరిని చూసుకోండి. పూర్వం సర్వి బాదులు కొట్టి దాని మీద కట్టిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి కదా అని ఎవరైనా అంటే, అవి ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉన్న చోట నిలబడ్డాయి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీటిమట్టం దిగిపోయే చోట తల భాగం పుచ్చిపోతుంది.

మీరు చివర్లో అడిగిన గోడ చెమ్మ పెట్టె గురించి ఒక్క మాట. గోడలో ఊచలు లేదా తీగలు పెట్టి డీసీ ఇచ్చే పద్ధతికి పైన చెప్పిన సూత్రమే ఆధారం, ఉప్పు తినే మన గోడల్లో దానికీ అవే తిప్పలు. గోడకి ఏమీ తగిలించకుండా ప్లగ్‌లో పెడితే చాలు, ఇల్లంతా ఆరిపోతుంది అనే పెట్టె మాత్రం ఈ సూత్రంతో పనిచేయదు. కరెంటు గోడలోంచి పారకుండా నీళ్లు కదలవు. ఆ డబ్బు పెట్టి పునాది మీద డీపీసీ (చెమ్మ గోడలోకి ఎక్కకుండా ఆపే పొర) సరిగ్గా వేయించుకోండి.

బరువు పోసి వదిలేసే దారే ఎంచుకుంటే, పోయించే ముందు ఒక అడుగు చదరం ఇనుప పలకకి నిలువు ఊచ వెల్డ్ చేయించి ఇప్పటి మెరక మీద పెట్టించండి, ఊచ పైకి కనబడేలా. దాని మీద రంగుతో గీత పెట్టండి. రోడ్డుకి అవతల కదలని కట్టడం ఏదైనా చూసి, ఆ మట్టానికి లెవెల్ ట్యూబ్‌తో ప్రతి ఆదివారం కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. మొదటి నెలలో వేళ్ల మందం దిగుతుంది, భయపడకండి. నెల మొత్తం మీద రెండు మూడు మిల్లీమీటర్లకి మించి దిగడం మానేసిన రోజున ఆ నోట్‌బుక్ పట్టుకుని ఇంజినీరు దగ్గరికి వెళ్లండి. అదనంగా పోసిన మట్టి తీసేసి ర్యాఫ్ట్ (ఇల్లంతటి కిందా ఒకే కాంక్రీటు పలకగా వేసే పునాది) మీద కట్టుకోవచ్చేమో ఆయన దాన్ని చూసే చెబుతారు.